దేవుడు ఏ పక్షమువాడు?

ధ్యానభాగము: యెహోషువ 5:13–15



యెరికో దగ్గర యెహోషువకు ఖడ్గధారియైన యొక పురుషుడు కనబడెను. అతడు తనవాడో పగవాడో తెలిసికొనవలెనని యెహోషువ అడిగెను. వచ్చినవాడు ఏ పక్షమునను చేరలేదు; తాను ప్రభువు సేనకు అధిపతినని చెప్పెను. అప్పుడు యెహోషువ సాగిలపడి చెప్పులు విడిచెను.

ఎన్నికల కాలమున మన పేటలలోనికి జెండాలు వచ్చును. ఒకే సంఘపు అన్నదమ్ములు రెండు జెండాల క్రింద నిలిచి, ప్రభువు బల్లయొద్ద సయితము ముఖములు త్రిప్పుకొనుచున్నారు. మరికొందరు, రాజకీయములు విశ్వాసులకెందుకని తలుపులు మూసికొందురు. ఈ రెండు త్రోవలును మంచివి కావని అమెరికా దేశపు నల్లజాతివారి హక్కుల పోరాటము మనకు నేర్పుచున్నది.

1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ పట్టణములో రోసా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ, తెల్లవానికొరకు బస్సులో తన చోటు విడువనందున బంధింపబడెను. అక్కడి నల్లజాతివారు 381 దినములు బస్సు లెక్కుట మానిరి. అనేకులు పనికి నడిచియే పోయిరి. వారి కూటములు దేవాలయములలో జరిగెను. వారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ అను బాప్టిస్టు కాపరి. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరములే.

ఆ పోరాటమును ఏ వాదము నడిపెను? ఒక్కటి గాదు. పార్క్స్‌ను జామీనుపై విడిపించుటకు పోయిన నిక్సన్ రైల్వే కార్మిక సంఘపువాడు. ఆ సంఘమునకు అధ్యక్షుడైన రాండాల్ఫ్ సోషలిస్టు. 1956లో అహింసా మార్గమును గూర్చి కింగుతో ఆలోచన చేయ వచ్చిన రస్టిన్ యౌవనమున కమ్యూనిస్టు యువజన సంఘములో నుండి, 1941లో విడిచినవాడు. ఆ అహింసా మార్గము మన దేశపు గాంధీగారిది. అంతకు ముందే 1931లో, స్కాట్స్‌బరో కేసులో తొమ్మండుగురు నల్లజాతి యువకులపై అబద్ధపు నేరము మోపబడగా, ఇతరులు వెనుకాడిన వేళ కమ్యూనిస్టుల సంస్థ వారి పక్షమున వాదించుటకు వచ్చెను. దారిలో గాయపడినవానిని సమరయుడు లేవనెత్తినప్పుడు, అతని మతమేదని మన ప్రభువు తప్పెంచలేదు గదా! మేలు ఎవరు చేసినను మేలే.

అయినను మేలు చేసినవాడు మనకు ప్రభువు కాడు. కమ్యూనిజము దేవుని కాదనుచు, మనుష్యుని రాజ్యమునకు పనిముట్టుగా చేయుచున్నదని కింగు 1958లో వ్రాసెను. ధనమే గురియైన పెట్టుబడిదారీ విధానమును గూడ ఆయన విడిచిపెట్టలేదు. అయినను పగవారు ఆయనకే కమ్యూనిస్టు అను ముద్ర వేసిరి. 1963లో ప్రభుత్వమే ఆయన టెలిఫోను మాటలు చాటున వినుటకు అనుమతినిచ్చెను.

1964లో పౌరహక్కుల చట్టము సెనేటులో 73 ఓట్లకు 27 ఓట్లతో నెగ్గెను. ఆ చట్టముకొరకు పాటుపడిన అధ్యక్షుడు జాన్సన్ డెమోక్రాటు. ఎదిరించిన 27 మందిలో 21 మందియు డెమోక్రాట్లే. ఒకే జెండా క్రింద న్యాయమును అన్యాయమును నిలిచియుండెను. కాబట్టి జెండాను చూచి మ్రొక్కవద్దు. జెండాను చూచి ద్వేషింపవద్దు.

మౌనముగా నుండువారికిని ఒక మాట. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో ఎనిమిదిమంది తెల్లజాతి మతబోధకులు, ఈ ప్రదర్శనలకు ఇది తగిన కాలము కాదని ప్రకటించిరి. కింగు చెరసాలనుండి వారికి ప్రత్యుత్తరము వ్రాసెను. వారు కలహమునకు జడిసిరి. అయితే లోపల కూర్చున్నవాడు చెప్పు తగిన కాలము, వాకిట నిలిచినవానికి ఎన్నడును రాదు.

కింగు 1959లో మన దేశమునకు వచ్చెను. కేరళలోని యొక పాఠశాలలో తన్ను అమెరికానుండి వచ్చిన అంటరానివానిగా పరిచయము చేసిరనియు, మొదట మనస్సు నొచ్చుకొనినను అది నిజమేయని ఒప్పుకొంటిననియు ఆయన 1965లో ఒక ప్రసంగమున చెప్పెను. ఆ మాట బరువు మన పేటలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను. అయినను కూలివాడు నిండు కూలి అడిగినప్పుడు, ఒకడు నీళ్లయొద్ద సమాన హక్కు కోరినప్పుడు, వీడే పార్టీవాడని ముందుగా అడుగువారున్నారు. మన సంఘములలో మొదటి ప్రశ్న అది కాకూడదు. ఇతడు అడిగినది న్యాయమా యని అడుగుదము. న్యాయమైతే, అతడు మన జెండావాడు కాకపోయినను అతని ప్రక్కను నిలుతము. అన్యాయమైతే, మన జెండావాడైనను కాదని చెప్పుదము.

ఓటు మన ఇష్టము చొప్పున వేయుదము. మోకాళ్లు మాత్రము ప్రభువు యెదుటనే వంచుదము. చెప్పులు విడిచిన యెహోషువ మనస్సు ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.