అరుగుమీది మాట - అనుభవగోష్ఠి



మన జమ్మలమడుగు ప్రాంతమున నాపరాతి అరుగు లేని పాత ఇల్లు అరుదు. రచ్చకట్ట లేని పల్లె అంతకంటె అరుదు. నల్లరేగడిలో శనగ విత్తి వచ్చిన రైతును, మగ్గము దిగిన నేతగాడును, అంగడి మూసిన వర్తకుడును సాయంకాలము కూడుచోటు అదియే. వాన, ధరలు, పెన్నలో నీరు, పెండ్లిసంబంధములు - ఇట్టి మాటలతో ప్రసంగము మొదలగును. ఇందు దోషమేమియు లేదు. మాటలాడుటయే పాపమైనట్లు మౌనమును బోధించు పెద్దలు కొందరు కలరు. వారియెడ నాకు గౌరవమే కాని, ఆ బోధ మనకు సరిపడదు. మన శరణధర్మము పెరిగినదే సంభాషణములో.

కల్యాణపట్టణము నేడు కర్ణాటకమున బీదరుజిల్లాలో బసవకల్యాణమను పేర నున్నది. 12వ శతాబ్దమున కలచురి బిజ్జలుని కొలువులో భండారియైన బసవేశ్వరుడు అచ్చట అనుభవమంటపమును నెలకొల్పెనని మన సంప్రదాయము. అల్లమప్రభువు శూన్యసింహాసనమున నుండెను. చుట్టును కూర్చున్నవారెవరు? పడవ నడపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య, చెప్పులు కుట్టు హరళయ్య. స్త్రీలును ఉండిరి. పండితసభలు ఈ దేశమునకు క్రొత్తవి కావు. రేవున పడవ కట్టివైచి వచ్చినవాడు తత్త్వమునుగూర్చి ప్రశ్నించి ప్రత్యుత్తరము పొందిన సభయే క్రొత్తది.

ఆ సంభాషణములను 15వ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య కన్నడమున శూన్యసంపాదనమను గ్రంథముగా కూర్చెను. జరిగినదానికిని కూర్చినదానికిని సుమారు మూడువందల యేండ్ల యెడమున్నది గనుక ప్రతిమాటయు అట్లే పలుకబడెనని నేననను. అయినను శరణులు మాటలాడుకొను రీతి యెట్టిదో అందు స్పష్టముగా కానవచ్చును. ఆ రీతిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక్కటి. అచ్చట మాట ఎంత కఠినమైనను ఎదుటనున్నవానితోనే.

సొన్నలిగెలో, అనగా నేటి షోలాపురములో, సిద్ధరాముడు చెరువులు త్రవ్వించుచు గుడులు కట్టించుచు మహాకీర్తి గడించియుండెను. అల్లమప్రభువు అచ్చటికే పోయి, అతని యూరిలోనే, అతని శిష్యులు వినుచుండగనే, మట్టి త్రవ్వువాడని పిలిచెను. శిష్యులు రాళ్లు రువ్విరట. ప్రభువు కదలలేదు. ఆగ్రహించిన సిద్ధరామునితోనే సంభాషించి, తుదకు అతనిని కల్యాణమునకు తోడ్కొనిపోయెను. ఆ మాటనే ప్రభువు కల్యాణమున కూర్చుండి, సిద్ధరాముడు లేనిచోట, నలుగురు నవ్వునట్లు అనియుండినచో ఏమగును? సిద్ధరాముడు మనకు దక్కియుండడు.

ముక్తాయక్క కథ ఇంతకన్న గొప్పది. అన్న అజగణ్ణ లింగైక్యము చెందగా దుఃఖించుచున్న ఆమెను ప్రభువు పలుకరించెను. ఆమె వినయముతో తలయూచి యూరకుండలేదు. మాటల బంధము ఇంకను వీడనివాడవు, పరులకు నడవడి యెట్లు బోధింతువని ప్రభువునే నిలదీసెను. ప్రభువు ఆమెను కసరలేదు, పొమ్మనలేదు. అడిగిన ప్రతిదానికిని బదులిచ్చెను. శూన్యసింహాసనాధీశుని ఒక ఆడుబిడ్డ ఎదురుగా నిలిచి తప్పుపట్టినది. ఆ తప్పుపట్టుటయే నేడు మనకు శాస్త్రమైనది.

మన అరుగులపై జరుగుచున్నది దీనికి తలక్రిందు. ఎదుటనున్నవానిని పొగడుదుము, అతడు మలుపు తిరుగగానే అతని ఇల్లు, అప్పు, కొడుకు నడత మన చేతిలో పడును. ఊరక అన్నమాటయే గదా అందురు. లేని పిల్లనుగూర్చి ఊరక అన్న ఒక్క మాటచే నిశ్చయమైన సంబంధము వెనుకకు పోయిన ఇండ్లు మన యెరుకలో లేవా? అన్నవాడు మరునాటికే దానిని మరచును. ఆ తండ్రి మరువడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమకు ముఠాకక్షల పేరు పత్రికలలో పడినది. భూములు, గుత్తపనులు, ఎన్నికలు కారణములని చెప్పుదురు. నిజమే. కాని ఆ నిప్పును ఈ వాకిటినుండి ఆ వాకిటికి మోసికొనిపోవునది మాటయే. "నీవు లేనప్పుడు వాడు నిన్నిట్లనినాడు" అని చెప్పినవాడు ఏ కేసులోను ముద్దాయి కాడు.

కొందరు విద్యావంతులు దీనికి గణాచారమను పేరు పెట్టుచున్నారు. శివనింద వినరాదు గనుక గొంతెత్తితిమందురు. పంచాచారములలో గణాచారము ఉన్నమాట సత్యమే. అది ధర్మమునకు కీడు వాటిల్లినపుడు నిలువబడుటకు చెప్పబడినది; వాదమున మన మాట ఓడినపుడు కాదు. దాని ప్రక్కనే భృత్యాచారమున్నది. శరణులందరికంటె నేను చిన్నవాడననుకొనుట భృత్యాచారము. దానిని ఎవరును ఉదహరింపరేమో!

ఇక అరుగుమీద ఎవరికి చోటు? హరళయ్య ఒకనాడు బసవేశ్వరునికి శరణనగా, ఆయన రెండుమారులు శరణు శరణని బదులిచ్చెనట. ఆ ఒక్క అధికపు శరణు తనకు ఋణమైనదని తలచి, హరళయ్యయు అతని భార్యయు తమ తొడచర్మముతో పాదరక్షలు కుట్టిరని పెద్దలు చెప్పుదురు. కథలో అతిశయమున్నదనువారు ఉండవచ్చును. ఎన్నడును బదులు శరణు వినని చెవికి ఆ రెండవ శరణు ఎంత బరువై తోచినదో ఆలోచింపుడు. పిమ్మట అదే హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చి వివాహము చేయగా, బిజ్జలుడు వియ్యంకులిరువురను క్రూరముగా దండించెను. కల్యాణము అల్లకల్లోలమైనది. మంటపములోని మాటను నిజమని నమ్మి నడచినందులకు వారు చెల్లించిన వెల అది. మన వాకిళ్లలో నేటికిని కొందరు అరుగుపై కూర్చుందురు, కొందరు క్రింద నిలిచి మాటలాడుదురు. మెడలో ఇష్టలింగము ధరించి మనమీ దృశ్యమును దినదినము చూచుచున్నాము.

గోష్ఠి మంచిదైనను దానికొక హద్దు కలదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చి జంగమార్చన చేయు శరణుడు. ఒకనాడు ప్రభువుతో సంభాషణమున మునిగి తన పని మరచెను. భార్య లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినది, లెమ్మని జ్ఞాపకము చేసెను. ప్రభువు సన్నిధియనియు ఆమె వెనుకాడలేదు. మారయ్య లేచి పోయెను.

శ్రావణ సోమవారములందు మఠమున పూజానంతరము గోష్ఠి నడుపుదమా అని మనలో పలువురు అడుగుచున్నారు. నడుపుదము. మగ్గము దిగు వేళ చూచి, దీపము పెట్టిన పిదప ఒక్క గంట చాలును. చాపలన్నియు ఒక్క ఎత్తున పరువవలెను. స్త్రీలు తలుపుచాటునుండి వినుట గాక ముందుకు వచ్చి కూర్చుండవలెను. ఎవరినిగూర్చి మాట వచ్చునో వారు సభలో లేనియెడల, ఆ మాట వారు వచ్చు సోమవారమునకు వాయిదా పడును.