ఖజానా క్రింది పాతబట్టలు

వాక్యభాగము: యిర్మీయా 38:7–13



యిర్మీయా గోతి బురదలో దిగబడియుండగా, కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు సెలవు పొంది 30 మందిని వెంటబెట్టుకొని బయలుదేరెను. అయితే నేరుగా గోతియొద్దకు పోలేదు. ముందు ఖజానా క్రింది గదికి పోయి, ఎవరికిని అక్కరలేక పడియున్న చింకిపాతలు తెచ్చెను. త్రాళ్లు ఒరయకుండ వాటిని చంకల క్రింద పెట్టుకొమ్మని ప్రవక్తకు చెప్పెను. ఆ దినమున ఖజానాలోని బంగారము పనికిరాలేదు, పాతగుడ్డలు పనికివచ్చెను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసెను. విండోస్ 11 పాతయంత్రములను అనేకమును అంగీకరింపదు. కనుక నడుచుచున్న కంప్యూటర్లు సయితము కార్యాలయముల మూలగదులకు చేరుచున్నవి. రాజమహేంద్రవరములో అట్టిదొకటి మన సంఘపు విధవరాలి కుమార్తె చదువు నిమిత్తము అడిగి తెచ్చితిమి.

యౌవనస్థుడొకడు దానిని విప్పి, ఫ్యానులో పేరుకొన్న దుమ్ము దులిపి, నడిపి చూచెను. వెంటనే మూసివేసి నాయొద్దకు వచ్చెను. డిస్కులో జీతముల పట్టీలు, ఆధార్ నంబర్లు, అప్పుల జాబితాలు అట్లే యున్నవి! సేవకుడనైన నేను ఎరిగిన పేరొకటి చూచి, క్రిందికి చదువవలెనని ఆశపడితిని. ఆ పిల్లవాడు మాత్రము ముఖము త్రిప్పుకొనెను. సిగ్గుపడితిని. ఫైళ్లు తీసివేసినంత మాత్రమున అవి పోవు. మామూలు ఫార్మాటు చేసినను తిరిగి తీయగలవారుందురు. గనుక డిస్కు అంతటిమీద సున్నలు వ్రాయించి, రాత్రి పొద్దుపోవువరకు కూర్చుంటిమి. ఇచ్చువారే ఈ పని చేసియుండవలసినది.

ఆ డిస్కు మందముగా నడుచుచున్నందున దాని స్థానమున చిన్న ఎస్.ఎస్.డి. వేసి, వెల లేకుండ దొరకు లినక్సు మింట్ ఎక్కించితిమి. తెలుగు టైపు చక్కగా వచ్చుచున్నది.

అయినను తల్లి, “అయ్యగారూ, ఎవరో వద్దని పారేసినది మాకెందుకండీ?” అనెను. ఆ మాట నన్ను గుచ్చెను. వాక్యము మరల చూచితిని. ఎబెద్మెలెకు ఆ పాతలను గోతిలోనికి విసరలేదు. త్రాళ్లతో దింపి అందించెను. మేమో, యంత్రమును గోనెలో కట్టి ఆమె అరుగుమీద పెట్టివచ్చితిమి! మరునాడు తిరిగి పోయి, కీబోర్డు తుడిచి, బల్ల వేసి, ఆ పిల్ల ప్రక్కన కూర్చుండి నేర్పితిమి. తల్లి కాఫీ ఇచ్చెను.

ఆ కార్యాలయములో మరి రెండున్నవట. సోమవారము అడుగబోవుచున్నాను. త్రాళ్లు పట్టుటకు ఎవరైన వత్తురా?