ఊరకుండని పనివాడు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 25, 2 సమూయేలు 11, 12 అధ్యాయములు



ఈ నెల ధ్యానమునకు దావీదు జీవితములోని రెండు సంగతులను ఎన్నుకొంటిమి. వాటితోకూడ అమెరికా దేశపు పాటల బృందమొకదాని చరిత్రను చెప్పవలసియున్నది. ఆ బృందము పేరు యాజ్ ఐ లే డైయింగ్. వారు పాడునది మెటల్‌కోర్ అను సంగీతము. హార్మోనియము, తబలా విని పెరిగిన మన చెవులకు అది సంగీతమని తోచకపోవచ్చును. విద్యుత్తుతో మ్రోగు గిటారులు, ఊపిరి సలుపనియ్యని డప్పులు, వాటిమీద గొంతు చించుకొని అరచు అరపు! అయినను నూట యేబదవ కీర్తనలో గట్టిగా మ్రోగు తాళములకును చోటున్నది గనుక రాగమునుగూర్చి మేము తీర్పు తీర్చబోము.

2000లో కాలిఫోర్నియాలోని శాండియేగో పట్టణమున టిమ్ లాంబెసిస్ అను యువకుడు ఈ బృందమును ప్రారంభించెను. 1930లో వెలువడిన విలియం ఫాక్నర్ నవల పేరునే దానికి పెట్టిరి. వారు క్రైస్తవ బృందమని పేరుపొందిరి. 2001లో మొదటి ఆల్బము వచ్చెను. 2007లో వచ్చిన యాన్ ఓషన్ బిట్వీన్ అజ్ అను ఆల్బము అమెరికాలోని బిల్‌బోర్డు పట్టికలో 8వ స్థానమున నిలిచెను. 2008 గ్రామీ బహుమానములకు వారి పాట యొకటి ప్రతిపాదింపబడెను.

2012 ఆగస్టులో లాంబెసిస్ సంగీత యాత్రలో నుండి తన భార్యకు ఈమెయిలు పంపెను. తనకు ఆమెమీద ప్రేమ లేదనియు, దేవునియందు నమ్మికయు లేదనియు అందులో తెలిపెను. మరుసటి నెలలోనే బృందము క్రొత్త ఆల్బము విడుదల చేసెను. దాని పేరు అవేకెన్డ్, అనగా మేలుకొల్పబడినది! నమ్మిక పోయిన తరువాత కూడ క్రైస్తవ బృందమను పేరు తమను విడువలేదని అతడే 2014లో ఒక సంగీత పత్రికతో చెప్పెను. ప్రియులారా, గొంతు ఆరిపోవుటకు చాల ముందే హృదయము ఆరిపోవచ్చును. పాట వినువారికి ఆ భేదము తెలియదు.

2013లో జరిగినది మరి ఘోరము. విడిగానున్న భార్యను చంపించవలెనని అతడు వ్యాయామశాలలో ఒక మనుష్యునితో చెప్పెను. ఆ దంపతులకు ముగ్గురు పెంపుడు బిడ్డలు. విన్న మనుష్యుడు ఊరకుండక అధికారులకు తెలియజేసెను. అప్పుడు పోలీసు అధికారి యొకడు కూలికి చంపువానివలె నటించి లాంబెసిస్‌ను కలిసికొనెను. అతడు వెయ్యి డాలర్లును, భార్య ఛాయాచిత్రములును, ఆమె చిరునామాయు ఆ అధికారి చేతికిచ్చెను. బిడ్డలు తనయొద్ద నుండు దినములనుకూడ గుర్తించి యిచ్చెను. మే 7వ తేదీన అతడు పట్టుబడెను. ఆమె బ్రదికెను.

ఇప్పుడు లేఖనములు తెరువుడి. నాబాలు అవమానించినందున దావీదు నన్నూరుమందిచేత కత్తులు కట్టించి బయలుదేరెను. తెల్లవారకముందే ఆ యింట మగవాడు మిగులకుండ చేయుటకు నిశ్చయించుకొనెను. ఆ సంగతి అబీగయీలుకు ఎవరు చెప్పిరి? పనివారిలో ఒకడు. అతని పేరు కూడ వ్రాయబడలేదు. తన యజమానుడు మాట వినువాడు కాడని యెరిగి అతడు యజమానురాలియొద్దకు పరుగెత్తెను. ఆమె రొట్టెలును ద్రాక్షారసమును గాడిదలమీద వేయించుకొని దావీదుకు ఎదురు వెళ్లెను. దావీదు చేతులకు రక్తము అంటలేదు. అందుకు అతడు దేవుని స్తుతించెను. మనలను ఆపినవారినిబట్టి దేవుని స్తుతించుట అరుదు. ఎక్కువగా వారిమీద పగ పట్టుదుము.

రెండవ సంగతి ఊరియా మరణము. దావీదు వ్రాసిన ఉత్తరమును ఊరియాయే మోసికొని వెళ్లెను. యోవాబు దానిని చదివెను. యుద్ధము తెలిసిన సేనాధిపతికి ఆ ఆజ్ఞ అర్థము తెలియదా? అయినను ఒక్క మాట పలుకక, చెప్పినట్లే చేసెను. నాతాను తరువాత వచ్చెను. ఊరియా అప్పటికే మట్టిలో నుండెను.

మన సంఘములలో కీర్తన యెత్తువానికి మంచి గొంతున్నయెడల అతడు మనకు ఎంతో ప్రియుడు. క్రిస్మసు రాత్రి ఇంటింటికి తిరుగు భజనలో అతడే ముందు. అతని యింట రాత్రులు ఏడ్పు వినబడునని ప్రక్కింటివారికి తెలియును, సంఘ పెద్దలకును తెలియును. అది వారి యింటి సంగతి అందుము. అతడు లేనిచో పాటలెవరు పాడుదురని లోలోపల అనుకొందుము. దెబ్బలు తిని వచ్చిన చెల్లెలికి సర్దుకొని పొమ్మని బుద్ధి చెప్పుదుము. ఇదే యోవాబు మౌనము. చంపెదనన్న మాట కోపములో వచ్చినదని కొట్టివేయవద్దు. కాపరికి చెప్పుడి, అవసరమైతే పోలీసువారికి చెప్పుడి. ఆపదలోనున్న స్త్రీల కొరకు 181 అను ఫోను సంఖ్య కలదు. అది మందిరపు గోడమీద వ్రాసియుంచుట మంచిది.

ఆ గాయకుని సంగతి ముగించెదము. 2014 ఫిబ్రవరిలో అతడు నేరము ఒప్పుకొనెను. మే నెలలో ఆరు సంవత్సరముల శిక్ష పడెను. 2016 డిసెంబరులో చెరసాలనుండి విడుదలై, 2017లో బహిరంగముగా క్షమాపణ చెప్పెను. 2018లో పాత స్నేహితులు అతనితో తిరిగి కూడిరి. 2019లో షేప్డ్ బై ఫైర్ అను ఆల్బము వచ్చెను. కొందరు సంతోషించిరి, కొందరు సహింపలేకపోయిరి. 2024లో అతనితోనున్నవారు ఒక్కొక్కరుగా విడిచిపోయిరి.

అతనిని క్షమింపవలెనా అని యువకులు అడుగవచ్చును. పశ్చాత్తాపపడువానికి ప్రభువు క్షమాపణ కలదు. అందులో మాకు సందేహము లేదు. కాని క్షమాపణ వేరు, వేదిక వేరు. దావీదు పాపము పరిహరింపబడెనని నాతాను చెప్పెను. అదే నాతాను ఖడ్గము అతని యింటిని విడువదనియు చెప్పెను. మత్తయి సువార్తికుడు ప్రభువు వంశావళి వ్రాయుచు సొలొమోను తల్లి పేరు చెప్పక, ఊరియా భార్య యనియే వ్రాసెను. తరములు గడచినను చంపబడినవాని పేరు అక్కడనుండి తుడిచివేయబడలేదు.

ఈ నెల ప్రార్థన కూటములలో ఆ తల్లి కొరకును, ఆమె ముగ్గురు బిడ్డల కొరకును, మీ ఊరిలో రాత్రివేళ ఏడ్చు ఇండ్ల కొరకును పేరుపేరున ప్రార్థింపుడి.