ఓటు వేయలేని రోజున

2024 మే 13, సోమవారం. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ, తెలంగాణలో లోక్‌సభకూ ఒకే రోజున పోలింగ్ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఎనభై మందికి పైగా ఓటర్లు ఓటు వేశారు. దోహాలో మాత్రం అది మామూలు పనిదినం. తెల్లవారుజామునే ఇండస్ట్రియల్ ఏరియా నుంచి కార్మికుల బస్సులు బయలుదేరాయి. పిల్లలు బడులకు వెళ్లారు. మనలో చాలామందిమి ఆ పూట ఫోను చేతపట్టుకుని, అమ్మానాన్నల చూపుడువేళ్ల మీది సిరా గుర్తుల ఫొటోలు చూసి సంతోషించాం. ఆ సంతోషం అడుగున ఒక ప్రశ్న కూడా కదిలింది. మన దేశపు ప్రజాస్వామ్యంలో మన వంతు ఏమిటి? ఓటు వేయలేని పౌరుడు ఏం చేయగలడు, ఏం చేయకూడదు?

పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు 'ప్రజాస్వామ్యం' అన్న మాటను విడదీసి చూపడం మంచిది. స్వామ్యం అంటే యాజమాన్యం. ప్రజలే యజమానులైన పాలన ప్రజాస్వామ్యం. యజమాని ఊళ్లో లేనంత మాత్రాన చేను పరాయిది కాదు. దోహాలో ఉన్న రైతుబిడ్డ ఊరికి ఫోను చేసి, కాలువకు నీళ్లు వచ్చాయా, గట్టు తెగిందా అని అడుగుతూనే ఉంటాడు. దేశం విషయంలోనూ మన స్థితి అదే. అయితే దూరం నుంచి చేసే యాజమాన్యానికి దాని చిక్కులు దానికి ఉన్నాయి.

మొదటి చిక్కు చట్టానిది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ, విదేశాల్లో ఉంటూ పరదేశ పౌరసత్వం తీసుకోని భారతీయులకు ఓటరు జాబితాలో చేరే హక్కు ఇచ్చింది. 2011 నుంచి అది అమలులో ఉంది. ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న స్వదేశ చిరునామాకు చెందిన నియోజకవర్గంలో పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ పోలింగ్ నాడు స్వయంగా అక్కడికి వెళ్లి, అసలు పాస్‌పోర్టు చూపితేనే ఓటు. మన తరఫున మరొకరు ఓటు వేసే వీలు కల్పించే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం దొరకకముందే 2019లో ఆ లోక్‌సభ రద్దయి, బిల్లు మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘం ఎలక్ట్రానిక్ పద్ధతిలో పోస్టల్ బ్యాలెట్ పంపే ప్రతిపాదన చేసింది. 2024 ఎన్నికల నాటికి అదీ ఆచరణలోకి రాలేదు.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రవాస ఓటర్లుగా నమోదైనవారు దేశం మొత్తం మీద 1,19,000 మందికి పైగా. ఓటు వేసినవారు మూడు వేల లోపే, వారిలోనూ అత్యధికులు కేరళీయులు. ఒక్క ఖతార్‌లోనే ఎనిమిది లక్షలకు పైగా భారతీయులు ఉన్నారని గుర్తు చేసుకుంటే ఈ అంకెలు ఎంత చిన్నవో బోధపడుతుంది. ఖతార్‌లో 2021 నుంచి కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. ఆ జీతం మీద బతికే జగిత్యాల కార్మికుడికి ఒక్క ఓటు కోసం రానుపోను విమాన టికెట్టు కొనడమంటే ఇంటికి పంపవలసిన నెల సొమ్మును వదులుకోవడమే. అతనికి హక్కు ఉంది, అందుకునే దారి లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణను మనం దాటవేయకూడదు. దూరాన ఉన్నవారికి అసలు ఓటు ఎందుకు అని కొందరు అడుగుతారు. ఊళ్లో రోడ్డు పాడైతే, ఆసుపత్రిలో మందు లేకపోతే బాధపడేది అక్కడున్నవారు కదా, నిర్ణయమూ వారిదే కావాలి కదా అన్నది వారి వాదం. ఇందులో బలం ఉంది. శాశ్వతంగా మరో దేశానికి చెందిపోయినవారి విషయంలో అది సరిపోవచ్చు కూడా. గల్ఫ్ ప్రవాసి కథ వేరు. మనలో చాలామందికి ఇక్కడి ఉనికి ఉద్యోగం ఉన్నంతవరకే, ఏదో ఒకనాడు తిరుగు ప్రయాణం తప్పదు. మన తల్లిదండ్రులు వెళ్లేది ఆ ఆసుపత్రికే, రేపు మనమూ మన పిల్లలూ నడవవలసింది ఆ రోడ్డు మీదే. పర్యవసానాలు అనుభవించేవాడికే ఓటు అన్న సూత్రాన్ని ఒప్పుకున్నా, ఆ సూత్రం మన హక్కును కాదనదు.

అయితే ఆ ఆక్షేపణ మరో వైపు నుంచి మనకు గట్టిగా తగులుతుంది. మనకు ఓటు వేసే వీలు లేకపోయినా, ఊళ్లో మన మాటకు పలుకుబడి ఉంది. ఇంటికి డబ్బు పంపేవాడి మాట ఇంట్లో బరువుగానే పడుతుంది. మన మిత్రుడొకరు పోలింగ్ ముందు రాత్రి తండ్రికి ఫోను చేసి, ఫలానా పార్టీకే వేయాలని గట్టిగా చెప్పారట. ఆ పెద్దాయన అంతా విని, "నువ్వు పంపే డబ్బులతో ఇల్లు గడుస్తోంది నాయనా, కాదనను. నా ఓటు మాత్రం నాదే" అన్నారట. మిత్రుడు ఈ సంగతి చెప్పి నవ్వారు. విన్న మాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే మేమూ అటువంటి ఫోన్లు చేసినవాళ్లమే. తండ్రి కాబట్టి ఆయన ఆ మాట అనగలిగారు. కొడుకు సంపాదన మీద ఆధారపడిన తల్లి, భర్త పంపే డబ్బు కోసం ఎదురుచూసే భార్య అనగలరా? ఓటును రహస్యంగా ఉంచిన రాజ్యాంగ వ్యవస్థ భయపడింది భూస్వాముల ఒత్తిడికో ధనవంతుల ఒత్తిడికో మాత్రమే కాదు. ప్రేమగా పలికే ఒత్తిడీ ఒత్తిడే. సలహా ఇవ్వడం మన హక్కు. ఇంటి ఖర్చును గుర్తు చేస్తూ ఇచ్చే సలహా మాత్రం ఆజ్ఞ అవుతుంది.

రెండో ప్రమాదం మన చేతిలోని ఫోనుదే. దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఊరి రాజకీయం మనకు వాట్సాప్ ద్వారానే చేరుతుంది కనుక, అక్కడి గతుకులు మనకు కనిపించవు. కులం పేరు మీదో మతం పేరు మీదో రెచ్చగొట్టే వీడియో వస్తే అది ఏ సంవత్సరానిదో, ఏ రాష్ట్రానిదో చూడకుండా ఊరి గ్రూపుకు పంపిస్తాం. దాని వల్ల ఊళ్లో రెండు వీధులు మాట్లాడుకోవడం మానేసినా మన దోహా ఫ్లాట్‌లో ఏమీ మారదు. పర్యవసానం లేని మాట ఎంత సులువో అంత ప్రమాదం. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, పంపినవారందరికీ అందులో వాటా ఉంటుంది. ఆధునిక ప్రజాస్వామ్యం ఎదుర్కొంటున్న సవాళ్లలో అసత్య ప్రచారం పెద్దదని అందరమూ అంటున్నాం. దాన్ని మోసుకెళ్లే చేతుల్లో మన చేతులూ ఉన్నాయని ఒప్పుకోవడం దగ్గరే చికిత్స మొదలవుతుంది. నిజం నిలకడ మీద తెలుస్తుంది. ఆ నిలకడను మనం ఒక్క పూట పాటించినా, సగం అబద్ధాలు మన దగ్గరే ఆగిపోతాయి.

మరి చేయగలిగింది ఏమిటి? ముందు పేరు నమోదు చేసుకోవాలి. వెళ్లలేనప్పుడు ఎందుకు అనిపించవచ్చు. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో బయటపడిన ధాతుపేటికల మీద, రెండు వేల ఏళ్లకు పూర్వపు బ్రాహ్మీ లిపిలో, గోష్ఠి సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. కుబిరకుడనే రాజు పేరు కూడా ఒక గోష్ఠికి ప్రముఖుడిగానే అక్కడ కనిపిస్తుంది. అది నేటి అర్థంలో ప్రజాస్వామ్యం కాదు. అయినా పదిమంది కలిసి చేసిన పనిలో ప్రతి ఒక్కరి పేరూ ఉండాలన్న భావన మన నేలకు కొత్తది కాదని అది చెబుతుంది. ప్రవాస ఓటర్ల జాబితాలో పేర్లు ఇంత తక్కువగా ఉన్నంతకాలం మన కోసం చట్టం మార్చవలసిన తొందర ఎవరికీ ఉండదు. ఎన్నో రెట్లు పెరిగితే ఆ కోరికను పక్కన పెట్టడం కష్టం. అర్జీలో చేసే సంతకానికి ఉన్న విలువే ఆ పేరుకూ ఉంది.

రెండోది, ఇక్కడే అభ్యాసం చేయడం. ఈ దేశంలో మనం అతిథులం, ఇక్కడి చట్టాలను పాటించడం మన మొదటి ధర్మం. ఆ హద్దుల్లోనే ప్రజాస్వామ్య పాఠానికి చోటు ఉంది. భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలోని ఇండియన్ కల్చరల్ సెంటర్, ఇండియన్ కమ్యూనిటీ బెనెవలెంట్ ఫోరం, ఇండియన్ స్పోర్ట్స్ సెంటర్ల కార్యవర్గాలను సభ్యులు ఓటు వేసి ఎన్నుకుంటారు. మన తెలుగు సంఘాలకూ సర్వసభ్య సమావేశాలు ఉంటాయి. ఉగాది పాటకచేరీకి కుటుంబంతో వెళ్లే మనం, లెక్కలు చదివే సమావేశానికి ఎందరం వెళ్తున్నాం? జిల్లా, కులం చూసి చేయి ఎత్తుతున్నామా, పని చూసి ఎత్తుతున్నామా? ఓడినవారు మర్నాడు కూడా అదే సంఘంలో పనిచేస్తున్నారా? విమాన టికెట్టు అక్కరలేని ఈ ఓటును నిర్లక్ష్యం చేసి, ఊళ్లో ఓటు లేదని బాధపడడంలో అర్థం లేదు. మే 13నే హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. పోలింగ్ కేంద్రం పక్క వీధిలో ఉన్నా వెళ్లనివారిని తప్పుపట్టే ముందు, మన పక్క వీధి సమావేశం గుర్తుకు రావాలి.

మూడోది పిల్లల సంగతి. 1923 కాకినాడ కాంగ్రెసు సభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర, బాలికగా ఉన్న దుర్గాబాయి టికెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూను ఆపివేశారు. టికెట్టు వచ్చాకే లోపలికి పంపారు. ఆ బాలికే తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. పెద్దవారి ముందు కూడా నియమం నియమమేనని నిలబడిన పిల్లను పెంచిన ఇళ్లు మన గోదావరి తీరాన ఉండేవి. దోహాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటరు కాగలరు. ఆ లోపు వారు మన ఇంట్లో చూసేదే వారి పౌరనీతి.

వచ్చే ఎన్నికలకైనా మనకు ఇక్కడి నుంచే ఓటు వేసే వీలు కలగాలని కోరుకుందాం, అందుకు పేర్లు నమోదు చేసుకుందాం. అది కలగకపోయినా, పోలింగ్ ముందు రాత్రి ఊరికి ఫోను చేసినప్పుడు "ఎవరికి వేస్తున్నావు?" అని కాక, "ఎండ ఎక్కకముందే వెళ్లి వేసి రా అమ్మా" అని చెబుదాం.