దోషము లేకపోవుటయే గుణమా?

నిర్దోషమైన దెల్ల ఉత్తమమైనదని మనము సామాన్యముగా తలంచుచుందుము. లెక్క తప్పని గుమాస్తాను, అచ్చుతప్పు లేని పుస్తకమును, మచ్చలేని వస్త్రమును మెచ్చుకొందుము. మెచ్చుకొనుట న్యాయమే. కాని తప్పు లేకుండుట వేఱు, మంచి యుండుట వేఱు. ఈ రెండింటికిని గల భేదమును నేను పుస్తకములలో చాలకాలము క్రిందటనే చదివితిని. అది నాకు నిజముగా బోధపడినది మాత్రము ఇటీవల మెదకులో, మా వీధిలో జరిగిన యొక చిన్న వివాదమువలన.

మా వీధిలో ప్రతి శనివారమును భజన జరుగును. అందు చిరకాలముగా హార్మోనియము వాయించుచున్న వృద్ధుడొకడు కలడు. ఆయన పెట్టె పాతది. తిత్తి గాలి విడుచును; రెండు మెట్లు గఱగఱలాడును. నగరములో చదువుకొని వచ్చిన యువకుడొకడు కంప్యూటరులో నడుచు సింథసైజరును తెచ్చి, “తాతా, ఇకమీద దీనిని వాయించుదము. ఇందులో గఱగఱ లేదు, శ్రుతి తప్పదు” అనెను. వృద్ధుడు కొంతసేపు విని, “బాగున్నది బిడ్డా, కాని ఇది ఎవరి గొంతు?” అని యడిగెను. కూడినవారు రెండు పక్షములైరి. చదువుకొన్నవాడనని నన్ను తీర్పు చెప్పుమనిరి. ఆ తీర్పుపై ఒక వృద్ధుని స్థానము ఆధారపడి యుండెను గనుక నేను వారము దినములు గడువు కోరితిని.

సాఫ్టువేరు సింథసైజరనగా కొయ్యయు తీగయు లేని వాద్యము. కంప్యూటరు ధ్వనితరంగమును సంఖ్యలుగా గణించి, సెకనుకు 44,100 మాఱులో అంతకంటె ఎక్కువ మాఱులో ఆ సంఖ్యలను వెలువరించును. అవి విద్యుత్తుగా మాఱి స్పీకరులో శబ్దమగును. మానవకర్ణము సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములను వినగలదు గనుక ఆ వేగము వినికిడికి చాలును. అయితే ఆ వేగములో సగమునకు, అనగా 22,050కి, మించిన కంపనములు గణనలో పుట్టినచో అవి క్రిందికి మడతపడి, పాటతో సంబంధము లేని అపస్వరములై వినబడును. దీనిని ఏలియాసింగు అందురు. దీనిని తొలగించుట, అనవసరపు రొదను తగ్గించుట, శ్రుతిని స్థిరముగా నిలుపుట, ఇవి నిర్మాతల సామర్థ్యమునకు కొలబద్దలు. ఈ కొలతలను తేలికగా చూడరాదు. వీని వెనుక ఎందఱో గణితజ్ఞుల శ్రమ కలదు.

ఇంతవఱకు యువకుని పక్షము బలమైనదే. కాని ఆతడే నాకొక వింత చెప్పెను. 1970లో అమెరికాలో వెలువడిన మినీమూగ్ అను విద్యుద్వాద్యమున ధ్వనిని పుట్టించు భాగములు మూడు కలవు. యంత్రము వేడెక్కినకొలది వాని శ్రుతి కొంచెము కొంచెముగా జాఱెడిది. వాదకులు మాటిమాటికి సరిచేసికొనవలసి వచ్చెడిది. నేడు కంప్యూటరులో శ్రుతిని అణుమాత్రమును చలింపకుండ నిలుపుట సులభము. అట్టి కాలమున సాఫ్టువేరు నిర్మాతలు కొందఱు ఆ జాఱుడునే కావలెనని గణితముచేత కల్పించి అమ్ముచున్నారు! మూడు స్వరములు రవంత ఎడముగా నుండి ఒరసికొనునపుడు కలుగు పుష్టియు చలనమును శ్రోతలకు ప్రియమైనవట. అటులనే 1987లో వచ్చిన ఇ-ము ఎస్‌పి-1200 అను యంత్రము ధ్వనిని సెకనుకు సుమారు 26,000 మాఱులు మాత్రమే, 12 బిట్ల మోటు కొలతతో పట్టెడిది. ఆ మోటుదనమే డోలు దెబ్బలకు బిగువు నిచ్చినదని హిప్-హాప్ సంగీతకారులు దానిని మెచ్చుకొనిరి. నిన్నటి దోషము నేడు గుణమైనది. ఇదెట్లు సంభవించెను?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మా వీధి వృద్ధుడు ప్రాణముగా చూచుకొను ఆ హార్మోనియమే ఒకప్పుడు దోషిగా నిలువబడెను. 1940లో ఆల్ ఇండియా రేడియో దానిని తన ప్రసారములనుండి బహిష్కరించెను. రవీంద్రనాథ ఠాగూరు వంటి మహనీయుడు ఆ బహిష్కరణమును సమర్థించెను. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు, అదియు పాక్షికముగానే. నాడు చెప్పిన కారణములు అసత్యములు కావు. ఆ పెట్టె ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱజాలదు గనుక గమకము దానికి రాదు. స్థాయిని పండ్రెండు సమభాగములుగా విభజించిన శ్రుతిలో అంతరగాంధారము, షడ్జముతో 5:4 నిష్పత్తిలో నుండవలసిన దానికంటె, సుమారు 14 సెంట్లు హెచ్చుగా పలుకును. అనగా ఒక మెట్టునకును దాని ప్రక్కమెట్టునకును గల దూరములో ఏడవవంతు. ఇది కొలతకు దొరకు దోషము.

అయినను తెలుగువారి పద్యనాటకమును తలచుకొనుడు. సురభివారి డేరాలలో, పల్లెల బయళ్లలో, నటుడు రాగము తీయుటకు ముందు హార్మోనియము పలుకగానే జనము సర్దుకొని కూర్చుండెడివారు. నటుని ఊపిరి ఎచట నిలుచునో, ఏ పద్యమునకు జనము ‘వన్సుమోర్’ అందురో ఎఱిగిన వాదకుని వ్రేళ్లక్రింద ఆ పరదేశపు పెట్టె తెలుగు నేర్చుకొన్నది. నిషేధించినవారు దోషమును సరిగానే కొలిచిరి. జనులు దానితో ఏమి చేసికొనిరో విచారింప మఱచిరి.

ఇంతమాత్రమున గుణమనునది శాస్త్రమునకు అందని మాయ యని తేల్చుటయు తొందరపాటే. తంబూరాను చూడుడు. తీగను మీటిన చోట ఏ ఉపస్వరమునకు నిశ్చలబిందువు కలదో ఆ ఉపస్వరము పలుకరాదని భౌతికశాస్త్ర నియమము. తంబూరాలో అది పలుకును. సి. వి. రామన్ 1921లో ప్రకటించిన వ్యాసమున తంబూరా, వీణల విషయమున దీనిని చూపి, వాని గుఱ్ఱముల నిర్మాణవిశేషమే కారణమని వివరించెను. వెడల్పై వంపు గల ఆ గుఱ్ఱమును తీగ తాకుచు విడుచుచు నుండును. తంబూరా గుఱ్ఱమునకును తీగకును నడుమ వాదకులు ఒక నూలుపోగు నుంతురు. దానిని ‘జీవ’ యందురు. ఆ పోగును వెంట్రుకవాసి జరిపి తగిన చోట నిలిపిన ధ్వని మేల్కొనును. తీగ గుఱ్ఱమును ఒరసి జుమ్మనుట వేఱొక వాద్యమున దోషమగునేమో. తంబూరాకు అదియే ప్రాణము. కాబట్టి గుణమునకును కారణము కలదు. వెదకవలసిన చోట వెదకిననే అది కనబడును.

మన ఆలంకారికులు కావ్యవిషయమున ఈ చిక్కును ముందే విప్పిరి. మమ్మటుడు కావ్యలక్షణమును చెప్పుచు మొదట దోషరాహిత్యమును కోరెను. సాహిత్యదర్పణకర్తయగు విశ్వనాథుడు దానిని ఆక్షేపించెను. దోషము బొత్తిగా లేనిదానినే కావ్యమందుమేని లోకమున కావ్యమే అరుదగును. పురుగు తొలిచినంతమాత్రమున రత్నము రత్నము కాకపోదు అని ఆతని వాదము. ఇంతకంటె సూక్ష్మమైన మాటను ఆనందవర్ధనుడు అంతకుముందే చెప్పియుండెను. శ్రుతికటువైన పరుషాక్షరములు శృంగారమున దోషము. రౌద్రాదులయందు అవి రసమునకు తోడ్పడును. అనగా దోషమును నిర్ణయించునది రసము. రసమునకు భంగము కలిగించినదే దోషము. తంబూరా శ్రుతికి పనికిరాని మోటుదనము డోలుకు బిగువైనది ఇందుచేతనే.

ఈ న్యాయము పాతదానిని పూజించువారిని సయితము విడువదు. రత్నమునకు విలువ పురుగు తొలుచుటవలన రాలేదు గదా! పాతయంత్రపు మసకను, జాఱుడును అరువు తెచ్చి పూసినంతమాత్రమున పాటకు ప్రాణము రాదు. పాడవలసిన దేమియు లేనివాడు గొంతు బొంగురు చేసికొనిన గాయకుడగునా? సహజత్వము పేర సోమరితనమును కప్పుకొనువారికి విశ్వనాథుడు సాక్ష్యమీయడు.

ఇంత చెప్పి నా సంగతిని దాచుట తగదు. నేను ఉపాధ్యాయుడను, ఇరువదేండ్లుగా ఎఱ్ఱసిరాతో బ్రతుకుచున్నవాడను. కొన్నియేండ్ల క్రిందట ఒక తరగతిని ‘మా ఊరి చెఱువు’ అను వ్యాసము వ్రాయుమంటిని. ఒక బాలుడు, చెఱువు ఎండిన యేట తన తండ్రి వలను మడిచి అటుకపై పెట్టిన దినమునుగూర్చి వ్రాసెను. ఒత్తులు తప్పినవి, వాక్యములు తెగినవి. నేను ఇరువదిమూడు తప్పులకు గీతలు గీచి, పదింటికి మూడు మార్కులు వేసితిని. మఱియొకడు గైడుపుస్తకమునుండి వల్లించి ఒక్క తప్పు లేకుండ వ్రాసెను, వానికి ఎనిమిది. ఆ రెండవ వ్యాసములో ఏమున్నదో నాకు నేడు జ్ఞాపకము లేదు. మొదటివాని తండ్రి వల మాత్రము మఱపునకు రాకున్నది. ఆ బాలుడు అటుపిమ్మట అడిగిన పంక్తులకు మించి ఒక్క పంక్తియు వ్రాయలేదు. తప్పులు దిద్దుట నా ధర్మమే, దిద్దకుండుట అపచారము. తప్పులు లెక్కించుటతో చదువుట ముగిసినదని తలంచుట నా అపరాధము.

ఈ అపరాధము బడిలోనే కాదు, ఇండ్లలోను జరుగుచున్నది. పెండ్లిచూపులకు వచ్చి కన్య రంగులో, నడకలో, మాటలో లోపములను లెక్కించి లేచిపోవువారు ఆమె యెట్టి మనిషియో తెలిసికొనుచున్నారా? పిల్లవాని మార్కులపట్టికలో ఎఱ్ఱగీతను మాత్రము చూచు తండ్రి వాని మనస్సు ఏ విద్యవైపు పోవుచున్నదో చూచుచున్నాడా? లోపములను లెక్కించుట సులభము. గుణమును తెలిసికొనుటకు మనిషితో కొంతకాలము గడపవలెను.

గడువు తీఱిన శనివారమున భజనవారికి నా మాట చెప్పితిని. తిత్తి గాలి విడుచుటచే పాట నడుమ తెగుచున్నది. అది దోషము, బాగుచేయించుడు. మెట్ల గఱగఱ ఎవరి పాటకును అడ్డురాలేదు, ఉండనిండు. ఇక ఎవరు కీర్తన ఎత్తుకొనబోవుచున్నారో చూచి, ఆ గొంతునకు తగిన మెట్టును వృద్ధుడు ముందుగానే అందించుచున్నాడే, అది ఈ భజనకు ప్రాణము. యువకుని యంత్రమునందు తప్పులేదు. దానిని వాయించువాడు ఈ గొంతుల నడుమ ఇంకను కూర్చుండలేదు, అంతియే.

యువకుడు చిన్నబుచ్చుకొనలేదు. తిత్తిని తానే తీసికొనిపోయి బాగుచేయించెను. ఇప్పుడు శనివారములందు వృద్ధుని ప్రక్కన కూర్చుండి, తన యంత్రమున శ్రుతి మాత్రము పెట్టి, ఎవరు ఏ మెట్టున పాడుదురో నేర్చుకొనుచున్నాడు. నేను పిల్లల వ్యాసములను ఇప్పుడు రెండు మాఱులు చదువుచున్నాను. మొదటిమాఱు కలమునకు మూతపెట్టి చదువుచున్నాను.