ఎత్తు, చోటు: ముచ్చింతల సమతామూర్తి నేపథ్యంలో శాంతి విచారణ

ఉపోద్ఘాతం

శంషాబాద్ విమానాశ్రయానికి సమీపాన ఉన్న ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న భగవద్రామానుజుల విగ్రహం 'సమతామూర్తి' పేరుతో ఆవిష్కృతమైంది. 54 అడుగుల భద్రవేదిక, దానిపై 27 అడుగుల పద్మం, త్రిదండం కలిపి మొత్తం 216 అడుగుల ఎత్తు. ఆసీనమైన పంచలోహ విగ్రహం ఎత్తే 108 అడుగులు. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలున్నాయి. దీనిని కేవలం దర్శనీయ స్థలంగా చూడటం చాలదు. ఒక నైతిక భావనకు బహిరంగ ప్రదేశంలో శిల్పరూపమిచ్చిన ప్రయత్నంగానూ పరిశీలించాలి. సమత లేనిచోట శాంతి నిలవదనుకుంటే ఇది శాంతిశిల్పం కూడా. తలెత్తి మాత్రమే చూడగలిగిన రూపం సమతను బోధించగలదా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

శమం, సమత

శమం, సమం వినడానికి దగ్గరగా ఉన్నా వేర్వేరు పదాలు. శమం చిత్తానికి సంబంధించిన ఉపశాంతి. సమత మనుషుల మధ్య ఉండవలసిన సంబంధం. మొదటిది ఒంటరిగా సాధించవచ్చు, రెండవదానికి కనీసం ఇద్దరు కావాలి. అణచివేత ఉన్నచోట కూడా అలజడి లేకపోవచ్చు. దానిని నిశ్శబ్దమనాలే తప్ప శాంతి అనలేం. మహాభారతానికి శాంతమే ప్రధాన రసమని ఆనందవర్ధనుడు ప్రతిపాదించాడు. అయితే ఆ కావ్యంలో యుద్ధం ముగియగానే శాంతి రాలేదు. ధర్మరాజు దుఃఖం తీరడానికి సుదీర్ఘమైన శాంతిపర్వం అవసరమైంది. తిక్కన తెలుగు చేసిన ఆ పర్వంలో శాంతి ప్రశ్నల ద్వారా, సమాధానాల ద్వారా క్రమంగా సిద్ధించవలసిన స్థితి.

విస్మయం, అంజలి

ముచ్చింతలలో వేదిక కింద నిలిచిన సందర్శకునికి మొదట కలిగేది విస్మయం. అది అద్భుతరసానికి స్థాయి. చూచేవాడు తన అల్పత్వాన్ని గుర్తించడం ఇక్కడి విస్మయంలో భాగం. అంటే, శిల్పం చెప్పదలచిన భావానికీ అది కలిగించే అనుభూతికీ మధ్య కొంత వైరుధ్యం ఉంది. కానీ మూర్తి భంగిమను విస్మరించరాదు. రామానుజులు అంజలి ఘటించి ఉన్నారు. అందరూ తలెత్తి చూసే మహనీయుడే చేతులు జోడించి ఉన్నాడు. ఎత్తు కలిగించే దూరాన్ని ఆ అంజలి కొంత తగ్గిస్తుంది. వేదిక లోపల 120 కిలోల బంగారంతో చేసిన చిన్న మూర్తి ఉంది. సంప్రదాయం చెప్పే రామానుజుల 120 ఏళ్ల జీవితానికి అది సంకేతం.

తిరుక్కోష్టియూరులో రామానుజులు గోపురమెక్కి రహస్యమంత్రాన్ని అందరికీ వినిపించారని గురుపరంపర కథ. అక్కడ ఆయన ఎక్కింది తాను కనిపించడానికి కాదు, మాట కిందివారికి చేరడానికి. ఎత్తు వినిపించే సాధనమైనప్పుడు సమతకు తోడ్పడుతుంది. చూపించే సాధనంగా మిగిలితే ఆరాధన దగ్గరే ఆగిపోతుంది.

మాలదాసరి కథ చెప్పేది

ఇదే వైష్ణవ సంప్రదాయం నుంచి తెలుగు కావ్యం ఇచ్చిన సాక్ష్యం 'ఆముక్తమాల్యద'లోని మాలదాసరి కథ. బ్రహ్మరాక్షసుడైన కుంభజానువు పూర్వజన్మలో బ్రాహ్మణుడు. తనను తినబోయిన వానికిచ్చిన మాట కోసం దాసరి తిరిగి వస్తాడు. చివరకు రాక్షసుడు దాసరి కీర్తన ఫలాన్ని యాచించి విముక్తుడవుతాడు. జన్మాధిక్యం ఇక్కడ ఏ శిఖరంమీదా కాక, మర్రిచెట్టు కింద, నేలమీద తలవంచింది.

అయినా దాసరి పాడినది ఆలయం వెలుపల నిలిచే. రాయలు అతనికి గొప్ప గౌరవమిచ్చాడు. గోడను మాత్రం తొలగించలేదు. ఎత్తు ఇవ్వడం వేరు, చోటు ఇవ్వడం వేరని ఈ కథ మనకు తెలుపుతుంది. పూజ్యునిగా కీర్తించిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోలేని సమాజంలో కీర్తన ఒక మినహాయింపుగా మారే ప్రమాదముంది.

శిల్పం వెనుక మనుషులు

హైదరాబాదుకే చెందిన మరొక శాంతిశిల్పం హుస్సేన్‌సాగర్ బుద్ధవిగ్రహం. 1990 మార్చిలో తరలిస్తుండగా అది నీటమునిగింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకి తీసి నిలిపారు. విగ్రహం నగరానికి గుర్తుగా నిలిచింది. ఆ మృతుల పేర్లు ఎందరికి తెలుసు? శాంతికి రూపమిచ్చే ప్రయత్నంలో పోయిన ప్రాణాలను శాంతి విచారణ లెక్కలోకి తీసుకోకపోతే ఆ విచారణ అసంపూర్ణం.

ముగింపు

మహావిగ్రహాలు వ్యర్థమని ఈ వ్యాసం చెప్పడం లేదు. పెద్ద రూపం ఒక భావనను ప్రజల దృష్టికి తెస్తుంది, మరపునుంచి కాపాడుతుంది. కానీ అది ప్రశ్నను నిలబెడుతుందే తప్ప సమాధానం కాజాలదు. సమత చూపుకు అందే వస్తువు కాదు, తోటిమనిషి పట్ల పాటించవలసిన నడత. సమతామూర్తి ముందు చేతులు జోడించిన సందర్శకుడు, అక్కడ ఊడ్చేవారికీ కాపలా కాసేవారికీ ఏపాటి గౌరవమిస్తాడన్నదే ఆ శిల్పం సార్థకతకు గీటురాయి. అంజలి ఘటించిన ఆ మూర్తి మన నుంచి కోరేది కూడా అదే.