సీతమ్మకు ఆశ్రమ మున్నది

గర్భవతియై అడవిలో విడువబడి, తండ్రి నీడ లేకయే ఇరువురు బిడ్డలను పెంచి పెద్దచేసిన సీతమ్మను తలచుకొని కంటతడి పెట్టని తెలుగింటి యిల్లాలు లేదు. ఒంటరి తల్లి ఓర్పును గూర్చి చెప్పవలసినప్పుడెల్ల ఆమె పేరే మన నోటికి వచ్చును. అయితే ఆ కథలో మనము వినియు గమనింపక దాటిపోవు సంగతి యొకటి కలదు. ఆమె రోదనము విన్న మునిబాలకులు పరుగున పోయి గురువునకు తెలిపిరి. వాల్మీకి తానే ఎదురు వచ్చి, ఆమె నోరు విప్పకమునుపే, నీయందు దోష మేమియు లేదని నే నెఱుగుదునని పలికి, ఆశ్రమమునకు తోడ్కొనిపోయి మునిపత్నుల చేతిలో పెట్టెను. పురుడు పోసినవారు, అన్నము పెట్టినవారు, బిడ్డలకు విద్య గఱపినవారు ఆశ్రమవాసులే. సీతమ్మ ఓర్పు గొప్పదే. ఆ ఓర్పు నిలుచుటకు నేల ఇచ్చినది మాత్రము ఆశ్రమము.

నెల్లూరు తీరమందలి కోట ప్రాంతమున, వరి మళ్లలోనో రొయ్యల చెరువుల మీదనో కూలికి పోయి, సీతమ్మవలె పెనిమిటి తోడు లేక, బిడ్డలను సాకుకొను తల్లు లెందఱో కలరు. అట్టి యింట ఒక బిడ్డకు విడువని జ్వరము, పాలిపోయిన మొగము, దెబ్బ తగులకయే ఒంటిమీద కమిలిన మచ్చలు కనబడి, తుదకు రక్త క్యాన్సరని తేలినచో, ఆ తల్లి బ్రతుకంతయు గూడూరు బస్సులోనికిని, అచ్చటినుండి చెన్నపట్నము పోవు రైలులోనికిని, లేక రేణిగుంట మీదుగా తిరుపతికి పోవు రైలులోనికిని మారిపోవును. పిల్లలకు తఱచుగా వచ్చు రక్త క్యాన్సరునకు చికిత్స రెండు మూడేండ్లు సాగును. మొదట ఆసుపత్రిలో కఠినమైన కీమోథెరపీ, వెన్నులోనికి ఇంజెక్షనులు, రక్తకణముల కౌంట్లు పడిపోయిన దినములలో ఎవరి రక్తమో ప్లేట్‌లెట్లో ఎక్కించుట. పిదప ఇంటియొద్ద మాత్రలు, నెలనెల పరీక్షలు.

ఖర్చును గూర్చి దాపరికము లేక మాటలాడవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా సాగుచున్న పథకము పేదల క్యాన్సరు చికిత్సాభారమును చాలవఱకు మోయుచున్నది. తిరుపతిలో దేవస్థానము వారి స్థలమున టాటా ట్రస్టుల పూనికతో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి 2022 నుండి సేవలందించుచున్నది. ఇవి చిన్న మేళ్లు గావు. అయినను ఆసుపత్రి దరిని అద్దెగది, కాచిన నీరు, ఇంటిలో మిగిలిన రెండవ బిడ్డ తిండి, అన్నిటికి మించి ఆగిపోయిన కూలి, వీనిని ఆ తల్లి ఎచ్చటినుండి తేవలెను? ఇద్దఱున్నచోట ఒకరు బిడ్డకడ నుండగా మఱియొకరు పనికి పోదురు. ఒక్కతెయే అయినప్పుడు బిడ్డకడ కూర్చున్న ప్రతిదినమును పస్తునకు దారి తీయును. కమ్మలు తాకట్టు పడును, వడ్డీ పెరుగును, ఒకనాడు రైలు తప్పిపోవును, ఆ మీద చికిత్సయే నిలిచిపోవును. ఔషధమునకు లొంగు వ్యాధి బీదతనముచేత బిడ్డను కబళించుట ఈ విధముననే.

ఇది చాలదన్నట్లు, ఏ జన్మలో చేసిన పాపమో అని ఇరుగుపొరుగులు నిట్టూర్చెదరు. ఈ మాట నాకు సహింపరానిది. కర్మసిద్ధాంతము ఎవరి నడతను వారు దిద్దుకొనుటకు పుట్టినదే గాని, ఎదుటివాని దుఃఖమునకు తీర్పు చెప్పుటకు గాదు. పిల్లల రక్త క్యాన్సరు అంటువ్యాధి గాదు. తల్లి తిండి వలననో నడవడి వలననో వచ్చునది గాదు. వాల్మీకి మహర్షి సీతమ్మకు అన్నముకంటె ముందు పెట్టినది నిర్దోషివను మాట.

మ్రొక్కులను గూర్చియు ఒక మనవి. రోగనిరోధకశక్తి సన్నగిల్లిన బిడ్డను తిరుమల కొండమీది రద్దీలోనికి కొనిపోవుట అపాయము. వెంట్రుకలు ముందే రాలిపోయిన బిడ్డ తలనీలాలు మరల మొలచునంతవఱకు స్వామి వేచియుండగలడు. ఆపద్ధర్మము మన పెద్దలు చెప్పినదే. నెల్లూరు స్వర్ణాల చెరువు కడ బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగనాడు ఆరోగ్య రొట్టె పట్టదలచిన తల్లి తానొక్కతెయే పోయి పట్టవచ్చును. కోరిక ఫలించినవాడు రొట్టె తెచ్చి, కోరిక గలవాని చేతిలో పెట్టు ఆ యాచారము నాకు మిక్కిలి పూజ్యము. అచ్చట పుచ్చుకొనుట సిగ్గు గాదు, పుచ్చుకొన్నవాడే మఱునాటి దాత.

ఆ బిడ్డ మ్రింగు మాత్రలలో మెథోట్రెక్సేట్ ఒకటి. అది వచ్చిన దారి తలచినచో ఒళ్లు పులకరించును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చిన్ననాటనే తండ్రిని కోల్పోయెను. తల్లి వెంకమ్మ నగలమ్మి చదివించెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపగోరిన కుమారునకు ఆమె సమ్మతింపకపోగా, ఆయన వైద్యవిద్య నభ్యసించి, మామగారి సాయముతోను కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి విరాళముతోను అమెరికా చేరెను. ఆయన నాయకత్వమున లెడర్లే పరిశోధనాలయమునుండి వెలువడిన అమినోప్టెరిన్‌తో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్త క్యాన్సరు తాత్కాలికముగనైనను లొంగునని 1948లో మొదటిసారి చూపెను. దానికి తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఆ యేటనే సుబ్బారావు కాలము చేసెను. ఒక వితంతువు నగలు, ఒక ధర్మనిధి రొక్కము నేడు కోటలోని మఱియొక తల్లి దోసిట మాత్రగా పడుచున్నవి. అట్లే 1923లో చెల్లెలిని క్యాన్సరు వాత కోల్పోయిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదల 1954లో అడయారున 12 పడకల ఆసుపత్రియై, నెల్లూరు సీమ రోగులకు సైతము దిక్కైనది. ప్రత్యుపకారము చేయజాలనివానికి తగిన వేళ ఇచ్చునదే సాత్త్వికదానమని గీత పదునేడవ యధ్యాయమున చెప్పబడినది. ఇట్టి దానము ఎవరికి చేరునో ఇచ్చిననాడు ఇచ్చినవారికి తెలియదు.

వ్యాధి బయటపడిన తొలినెలలో అందఱును వత్తురు, పండ్లు తెత్తురు. బిడ్డకు జుట్టు మొలచి బడికి పోవ మొదలిడగనే, గండము గడచినదని రాక మానుదురు. మాత్రలు, పరీక్షలు, వడ్డీ అప్పటికిని నడచుచునే యుండును; ఆ రెండవ సంవత్సరమే తల్లి మిక్కిలి ఒంటరి. కావున కోటలో కోవెల ధర్మకర్తలు, మసీదు పెద్దలు, చర్చి పెద్దలు ఉత్సవముల ఖర్చులో కొంత తీసి, చికిత్స ముగియు చివరినెల వఱకు ఆ యింటి బాడుగకును రైలు టికెట్టునకును నెలనెల చేర్చవలెను. రక్తమిచ్చు యువకుల పేర్లు, గ్రూపులు వ్రాసి యుంచవలెను. తల్లి ఆసుపత్రిలో నున్న రాత్రులలో ఆ రెండవ బిడ్డ ఎవరి యింట అన్నము తిని పండుకొనవలెనో వీధివారు ముందే కూర్చుండి నిశ్చయింపవలెను.